గీతకి వెనక అంచు

ఆగస్టు 12, శనివారం

ఈ నోట్‌బుక్ పాస్టర్ మార్గిట్ ఇచ్చింది. రోజూ ఆర్డిస్‌కి రాస్తున్నట్టు రాయి వెర్లిన్, మనసు కాస్త కదులుతుంది అంది. చనిపోయినవాళ్ళకి ఉత్తరాలేమిటి? ఎవరికీ రాయను. ఊరికే రాస్తాను.

మా ఆవిడ ఆర్డిస్ పోయి ఈరోజుకి తొమ్మిది వారాలు. వంటింట్లో నిలబడి రూబార్బ్ కాడలు తరుగుతూ పడిపోయింది. ఆస్పత్రిదాకా కూడా వెళ్ళలేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది.

ఆగస్టు 19

కాలేజీ జిమ్‌లో మీటింగు. మా ఊరి వెస్టర్‌గార్డ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఈ ఏడుతో సరి. చేరే పిల్లలు లేరు, ట్రస్టీలు ఓటేసి జట్టు మూసేశారు. వచ్చే ఏడు మా కాన్ఫరెన్స్‌లో, అంటే ఒకరితో ఒకరు కప్పుకి ఆడే కాలేజీల్లో, ఎనిమిది ఉండవు, ఏడే.

మందుల షాపు లైల్ అందరి ముందూ ఏడ్చాడు. వాడికి అరవై రెండేళ్ళు. నేను కాఫీ పోసుకున్నాను. చల్లారిపోయి ఉంది, అయినా తాగాను.

ఆగస్టు 26

ఆటలో దూరం కొలిచే గొలుసు బయటికి తీశాం. తుప్పు లేదు. దాని రెండు కొసలకీ కర్రలు, లైల్, ప్లంబర్ డ్యుయేన్ చెరో కర్ర. ఎన్నో ప్రయత్నమో చూపే నెంబరు పలక పట్టుకోవడానికి బ్యాంకు నుంచి కొత్తతను వచ్చాడు. అతని కోసం మొదటినుంచీ చెప్పుకొచ్చాను. బంతి చేత పట్టుకుని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్ళాలి. వెళితే ఫస్ట్ డౌన్, మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. లేదంటే బంతి అవతలివాళ్ళది. మన గొలుసు పొడుగు సరిగ్గా పది గజాలు. వెనక కర్ర మొదలైన చోట, ముందు కర్ర చేరాల్సిన చోట.

క్లిప్పు నాది. మైదానంలో అయిదు గజాలకొక తెల్ల గీత ఉంటుంది. ఆ గీత గొలుసుని ఎక్కడ దాటుతుందో అక్కడ గొలుసుకి క్లిప్పు తగిలిస్తాను. అనుమానం వచ్చినప్పుడు గొలుసుని మైదానం మధ్యకి మోసుకెళ్ళి, అదే గీత మీద క్లిప్పు ఆనించి కొలుస్తారు. గీత వెడల్పు నాలుగు అంగుళాలు. ఎప్పుడూ వెనక అంచు మీదే, అంటే వెనక కర్ర వైపు అంచు మీదే, పెట్టాలి. ముందు అంచు మీద పెడితే నాలుగు అంగుళాలు అబద్ధం ఆడినట్టు.

ఇంకో రెండు మాటలు. మనం నిలబడేది పరాయి జట్టు పక్కన. మనవాళ్ళు గెలిచినా చప్పట్లు లేవు, మొహం మారకూడదు. అడిగితేనే నోరు విప్పాలి.

ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అరవలేదా సార్ అన్నాడు కొత్తతను. వీడా, వీడికి పెళ్ళినాడు కూడా ఇదే మొహం, ఫొటోలు చూసుకో కావాలంటే, అన్నాడు డ్యుయేన్. అందరూ నవ్వారు. నిజమే.

సెప్టెంబర్ 9

మొదటి ఆట. కాన్ఫరెన్స్ లెక్కలోకి రాదు. ఓడిపోయాం.

నేను నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, అవతలి గట్టు మెట్ల మీద, తొమ్మిదో వరసలో ఆర్డిస్ కూచునేది. ఫ్లాస్కు, ఎర్ర దుప్పటి, పక్కన చెల్లెలు లవోన్. ఆట గురించి ఆర్డిస్‌కి పెద్దగా పట్టేది కాదు. నీ మొహం చూడ్డానికి వస్తున్నా అనేది. మనవాళ్ళకి ఫస్ట్ డౌన్ వస్తే నీ ఎడమ భుజం ఒక్క అంగుళం లేస్తుంది తెలుసా, రెఫరీ చెయ్యి ఎత్తకముందే నాకు తెలిసిపోతుంది అనేది.

అంత దూరం నుంచి భుజం కనబడదని నేను, కనబడుతుందని తను. ఇరవై నాలుగేళ్ళు ఇదే గొడవ. ముప్పై ఏళ్ళు ధాన్యం కాటా దగ్గర కూచున్నవాణ్ణి, ఎంత దూరానికి ఎంత కనబడుతుందో నాకు చెప్పొద్దు అనేవాణ్ణి.

ఈరోజు అటు చూడలేదు.

సెప్టెంబర్ 10

లవోన్ హాట్‌డిష్ వండి తెచ్చింది. పైన బంగాళాదుంప ఉండలు కాస్త మాడాయి. కూచుని నేను తినేదాకా కదల్లేదు. ఏం బావా, అక్క పోయి మూడు నెలలైంది, ఒక్క బొట్టు రాల్చావా నువ్వు, రాయికైనా చెమ్మ పడుతుంది కదయ్యా అంది. రాలేదు, ఏం చెయ్యను అన్నాను. తను ఏడ్చింది. పళ్ళెం కడిగి ఇచ్చాను.

సెప్టెంబర్ 23

కాన్ఫరెన్స్ మొదలైంది. గెలిచాం.

సెప్టెంబర్ 30

బయటి ఊళ్ళో ఆట. రేడియోలో విన్నాను. గెలిచారట. విన్నవాణ్ణి నేనే అయినా "అట" అనే రాయాలనిపించింది.

అక్టోబర్ 7

మళ్ళీ గెలుపు. జనం పెరిగారు. పోయేవాణ్ణి చూడ్డానికి వచ్చే చుట్టాల్లా అందరూ వస్తున్నారు. లైల్ అప్పుడే కప్పు సంగతి ఎత్తాడు. 1986 తరవాత కాన్ఫరెన్స్ కప్పు మా ఊరు రాలేదు. కర్ర తిన్నగా పట్టుకోరా ముందు అన్నాను.

అక్టోబర్ 19

ఆర్డిస్ కోట్లు చర్చికి ఇచ్చేశాను. జేబులో దగ్గు బిళ్ళలు ఉన్నాయి. ఒకటి చప్పరించాను. మెంథాల్.

అక్టోబర్ 28

ఆరింటికి ఆరు గెలిచాం. టామరాక్ కాలేజీ కూడా ఆరుకి ఆరు. వాళ్ళూ మేమూ ఆఖరి ఆట మా ఊళ్ళోనే, నవంబర్ 11న. గెలిచినవాళ్ళది కప్పు. మాకైతే ఇక గెలవడానికి ఇంకో ఏడు లేదు.

కాఫీ హోటల్లో ఎవరూ వేరే మాట మాట్లాడ్డం లేదు. నువ్వు మాత్రం భలే ఉన్నావురా, నీకేం పట్టనట్టు, అన్నాడు డ్యుయేన్. పట్టనట్టు కాదు. పట్టలేదు.

నవంబర్ 10

రేపు మంచు పడుతుందట. చీపుర్లు సిద్ధం చేశారు.

నవంబర్ 11, సాయంత్రం 5.20

గెలిచాం. 14–13. చర్చి గంటలు ఇంకా కొడుతూనే ఉన్నారు. కిటికీ మూశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటినుంచీ మంచు. విరామంలో గీతలు ఊడ్చారు, మళ్ళీ పడింది. ఆట చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు మాది పైన. ఇంకా నాలుగు నిమిషాల చిల్లర ఉంది. బంతి మాది, ఫస్ట్ డౌన్. వెనక కర్ర పెట్టారు, గొలుసు లాగారు. క్లిప్పు పెట్టడానికి నేను వంగి, గీత మీద మంచు బూటుతో గీకాను.

అప్పుడు తల ఎత్తాను. ఎందుకో తెలీదు. సీజనంతా ఎత్తనివాణ్ణి.

అవతలి గట్టు నిండిపోయి ఉంది. జనం ఎవరి చోటు వాళ్ళు తుడుచుకుని కూచున్నారు. తొమ్మిదో వరసలో లవోన్ తన చోటు మటుకు తుడుచుకుంది. పక్క చోటు మీద మంచు జానెడు ఎత్తున అలాగే ఉంది. అంత జనంలో దాని మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు. నేను దాన్నే చూస్తున్నాను. నా చేతులు వాటి పని అవి చేసి క్లిప్పు తగిలించేశాయి.

మూడు ప్రయత్నాల్లో తొమ్మిది గజాలు వెళ్ళారు. నాలుగోది, ఇంకో గజం కావాలి. రెండు నిమిషాలు మిగిలాయి. వెళితే గడియారం అయ్యేదాకా బంతి మాదే, కప్పు మాదే. వెళ్ళకపోతే బంతి టామరాక్‌ది, వాళ్ళ కిక్కరు దూరం నుంచి తన్ని పాయింట్లు కొట్టడంలో మొనగాడు. బంతి బ్రాంట్‌కి ఇచ్చారు. మావాళ్ళలో అందరికన్నా బరువైనవాడు వాడే. మనుషులంతా గుట్టగా వాడి మీద పడ్డారు. లేపి చూస్తే తేలలేదు. కొలత అన్నారు.

గొలుసు మోసుకెళ్ళాం. మా పక్కన నిలబడే రెఫరీ హెల్‌గెసన్ క్లిప్పు అందుకుని, వెనక అంచేగా వెర్లిన్ అన్నాడు. ప్రతిసారీ అడుగుతాడు. అవును అన్నాను. ప్రతిసారీ అంటాను. గొలుసు బిగలాగారు. బంతి ముక్కు కర్రని రెండు వేళ్ళ మందం దాటింది. ఫస్ట్ డౌన్. ఊరు ఊరంతా లేచింది.

నా చోటికి తిరిగొచ్చి కిందికి చూశాను. నా బూటు గీకిన చోటు అలాగే ఉంది. గీతకి ముందు అంచు తెల్లగా తేలి ఉంది. వెనక అంచు ఇంకా మంచు కిందే ఉంది. కనబడిన అంచుకే క్లిప్పు పెట్టాను. కొలతలో దాన్ని వెనక అంచుకి ఆనించేసరికి గొలుసు మొత్తం నాలుగు అంగుళాలు వెనక్కి జరిగింది. చేరాల్సిన చోటు మావాళ్ళకి నాలుగు అంగుళాలు దగ్గరైంది. వాళ్ళు దాటింది రెండు వేళ్ళు.

తరవాతి ప్రయత్నానికి ఇంకా ఇరవై సెకన్లు ఉన్నాయి. హెల్‌గెసన్ నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. అడిగితేనే నోరు విప్పాలన్నది నేను పెట్టిన నియమమే. కానీ అతను అడిగాడు. అడిగితే అవును అన్నాను.

బంతి కదిలింది. గీకిన చోటు మీద నుంచి నలుగురైదుగురు తొక్కుకుంటూ పోయారు. ఇక గీతా లేదు, అంచూ లేదు.

నవంబర్ 12, ఆదివారం

చర్చి కింది హాల్లో కాఫీ దగ్గర అందరూ ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. లవోన్ నా చెయ్యి పట్టుకుని కోట్లు తగిలించే మూలకి లాక్కెళ్ళింది. ఒకటడుగుతాను చెప్పు బావా, మనవాళ్ళకి ఫస్ట్ డౌన్ వస్తే నీ ఎడమ భుజం లేస్తుంది కదా, నిన్న అంత పెద్దది వస్తే లేవలేదేం అంది.

అది నీకెవరు చెప్పారన్నాను. అక్క చూపించింది, పాతికేళ్ళ బట్టి ఇద్దరం చూస్తూనే ఉన్నాం, పందాలు కూడా కాసుకునేవాళ్ళం, అంది.

అక్కడే కోట్ల కింద బల్ల మీద కూచున్నాను. లవోన్‌కి అంతా చెప్పేశాను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు బావా అంది. నీకు తెలిసింది కదా అన్నాను.

నవంబర్ 13

కాన్ఫరెన్స్ ఆఫీసులో మిసెస్ లిండ్‌క్విస్ట్‌కి ఉత్తరం రాశాను. ఒక్క పేజీ. తప్పు నాది, హెల్‌గెసన్‌ది కాదు, అని రెండుసార్లు రాశాను. ఆర్డిస్ సంగతి రాయలేదు. గీకిన చోటు బొమ్మ గీశాను.

నవంబర్ 16

పోస్టులో ఏమీ లేదు.

నవంబర్ 20

మిసెస్ లిండ్‌క్విస్ట్ ఫోన్ చేసింది. ఆట అయ్యాక ఫలితం మారదట. కప్పు వెస్టర్‌గార్డ్‌దే. ఉత్తరం రెండు కాలేజీలకీ పంపుతానంది, మీకు ఇబ్బందేమో అని కూడా అంది. పంపండి అన్నాను. కోపంగా మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 22

కాఫీ హోటల్లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. లైల్ లేచి వచ్చి, నిన్నెవడడిగాడురా, ముప్పై ఏడేళ్ళకి ఒక్క కప్పు, ఇక జన్మలో రాదు, ఆ నాలుగు అంగుళాలు చచ్చేదాకా కడుపులో పెట్టుకోలేకపోయావా అన్నాడు. పెట్టుకోలేకపోయానురా అన్నాను. వాడు బయటికి వెళ్ళిపోయాడు. డ్యుయేన్ పక్కకి జరిగి చోటిచ్చాడు, మొహం మటుకు ఇటు తిప్పలేదు.

నవంబర్ 23

థాంక్స్‌గివింగ్. లవోన్ ఇంట్లో. ఆర్డిస్ కుర్చీ ముందే తీసేసింది. మంచి పని చేసింది.

నవంబర్ 25

టామరాక్ కోచ్ ఫోన్ చేశాడు. మీరు రాయకపోయినా సరిపోయేదండీ, ఆ మంచులో మావాడు ఎలాగూ కొట్టలేకపోయేవాడు అన్నాడు. అబద్ధం. వాళ్ళ కిక్కరు అక్టోబరులో వానలో యాభై గజాల నుంచి కొట్టాడు, రేడియోలో విన్నాను. చివరికి, మీ ఆవిడ సంగతి ఇప్పుడే తెలిసిందండీ అన్నాడు. థాంక్స్ అన్నాను.

మధ్యాహ్నం బ్రాంట్ వచ్చాడు, అదే బంతి పట్టుకున్నవాడు. గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. అయితే నేను దాటలేదన్నమాట, ఎంత తగ్గింది సార్ అన్నాడు. రెండు అంగుళాలు, కాస్త పైన, అన్నాను. రెండేనా, కింద పడ్డప్పుడు నాకు చెయ్యెడు తగ్గిందనిపించింది, అందుకే గెలిచాక కూడా నిద్ర పట్టలేదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి పడుకుంటాను, అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీద మంచు ఎత్తేసి వెళ్ళాడు.

డిసెంబర్ 2

కాలేజీ ఫుట్‌బాల్ సామాను పంచేస్తున్నారు. గొలుసు ఎవరికీ వద్దట. నా వరండాలో ఎవరో పెట్టి వెళ్ళారు. కర్రకి కట్టిన తాడు ముడి లైల్‌ది.

డిసెంబర్ 9, శనివారం

మైదానంలో ఎవరూ లేరు. లవోన్ ఒక కర్ర, నేనొక కర్ర పట్టుకుని కొలిచాం. నా చోటు నుంచి ఆర్డిస్ చోటుకి ఏడు గొలుసుల దూరం. లవోన్ ఆ మంచు తుడిచి అక్కడ కూచుంది. నేను వెనక్కి వచ్చి నా చోట నిలబడ్డాను.

ఇంత దూరం నుంచి భుజం కనబడుతుందా అని అరిచాను.

రెండు భుజాలూ కదులుతున్నాయి బావా, అంది.