మంగ్లీ, నీ తీజ్ బుట్ట

మంగ్లీ,

ఈరోజు మీ తండాలో తీజ్ పండుగ ముగిసింది. మీ చెల్లెలు దేవి అందరికంటే ముందు నిలబడి పాడింది. అప్పట్లో ఒక మాంత్రికుడు తండా పిల్లల గొంతులన్నీ దోచుకుని కుండలో బంధించినప్పుడు, దేవి చప్పుడు లేకుండా ఏడ్చేది, నీకు గుర్తుందా?

కొడకండ్ల పటేళ్ల ఇంటి పిల్లకు తండా పిల్లతో స్నేహమేమిటని మా ఇంట్లో కోప్పడేవాళ్లు. అయినా మనిద్దరమే భూపాలపల్లి అడవికి వెళ్లి అతని గుహ కనిపెట్టాం. కుండ పగలగొట్టినవాళ్లు రాయైపోతారని అతను నవ్వాడు. నేను కుండ మీదికి చెయ్యి చాపేలోపే నువ్వు నన్ను బయటికి నెట్టేశావు.

"నువ్వు పోవే. మా చెల్లె మాట్లాడాలె గద, నేను జూసుకుంట" అన్నావు.

కుండ పగిలింది. లోపలికి పరిగెత్తి వస్తే మాంత్రికుడు లేడు. నువ్వు నల్లరాయివై నిలబడి ఉన్నావు.

ఈసారి మీ అమ్మ నీ పేరున కూడా ఒక బుట్టలో గోధుమ మొలకలు పెంచింది. "నా బిడ్డది నువ్వే ఎత్తుకో" అంటూ దాన్ని నా తలమీద పెట్టింది. పండుగ ఆనవాయితీ ప్రకారం వాగు దగ్గర అమ్మాయిలందరూ తమ మొలకల బుట్టలు నీళ్లలో వదిలారు. నేను వదలలేకపోయాను.

"ఇడువక్కా, అందరు పోతున్నరు" అంది దేవి.

నడుములోతు నీళ్లలో బుట్టను పట్టుకుని అలాగే నిలబడ్డాను. చివరికి మీ అమ్మే వాగులోకి దిగి వచ్చి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.