సెవెంటీ ఎయిట్లు కాదు, రికార్డులు

బాపూ,

నీ పాత లక్క గ్రామఫోన్ రికార్డుల కోసం ఇవాళ పెద్దపల్లి నుంచి ఒకతను వచ్చాడు. "సెవెంటీ ఎయిట్లు అమ్ముతవా అక్కా?" అన్నాడు. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతాయని ఆ పేరట. నెమ్మదిగా తిరిగే వినైల్ రికార్డులు వచ్చాకే, తేడా తెలియడానికి అట్లా పిలిచారట. అంతకుముందు అవి ఉత్త రికార్డులే. మన బొగ్గుబాయి సంగతీ అంతే కదా! నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు వచ్చేదాకా దాన్నెవరూ అండర్‌గ్రౌండ్ గని అనలేదు. నువ్వు "బాయికి పోతున్న" అనేవాడివి.

వాటిని అమ్మనని చెప్పి అతన్ని పంపించేశాను.

నువ్వు పోయి ఏడాదైంది. తమ్ముడు గేటు బోర్డుకు కొత్త రంగు వేస్తూ, "బాపు పేరు ముంగట కీర్తిశేషులు అని రాయాలె గదక్కా" అన్నాడు.

"వద్దు. ఎప్పటిలెక్కనే రాయి" అన్నాను.

రంగు ఆరేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.