మిగిలిన పదమూడు అడుగులు

ఇండియానా, మే 3, 2004

గేర్‌బాక్సుల టీటర్ గారికి,

మీరు ఫోన్ ఎత్తరనీ, ఉత్తరం రాస్తేనే పలుకుతారనీ ట్రక్కువాళ్ళందరూ చెప్పారు. అందుకే రాస్తున్నాను.

పోయిన ఆగస్టులో మా కౌంటీ జాతరలో బరువు లాగే పోటీ జరుగుతుండగా, మా ఆయన డెల్మర్ ట్రక్కు సీట్లోనే గుండె ఆగి చనిపోయాడు. మూడొందల అడుగులు లాగాలి. రెండొందల ఎనభై ఏడో అడుగు దగ్గర గేర్‌బాక్సు ముక్కలైంది, ఆయనా ఆగిపోయాడు. ఏది ముందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ ఆగస్టులో నేనే ఎక్కి ఆ మిగిలిన పదమూడు అడుగులూ పూర్తి చెయ్యాలి. అంతవరకూ నాకు నిద్ర లేదు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాను, కాబట్టి భయం లేదు. ఇంజను బలం పదకొండొందల గుర్రాలు, రెండు టర్బోలు. విరగని ఆటోమేటిక్ గేర్‌బాక్సు కావాలి.

ఇట్లు,
నాదీన్ కెసింగర్

తా.క.: నాలుగు గేర్లదే గట్టిదని ఆయన పదకొండేళ్ళు వాదించాడు. ఇప్పుడు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆరు గేర్లది పంపండి.

*

టెన్నెసీ, మే 14

నాదీనమ్మకి,

ట్రక్కువాళ్ళు చెప్పే గుర్రాల్లో మూడో వంతు కొట్టేయడం నా అలవాటు. చేపలు పట్టేవాళ్ళూ వీళ్ళూ ఒక్కలాగే ‘ఇంత పెద్దది’ అని చేతులు చాపుతారు. మీది ఏడొందలని రాసుకున్నాను.

ఆరు గేర్లది రోడ్డు మీద హాయిగా ఉంటుంది గానీ, లోపల సన్నసన్న ముక్కలెక్కువ. మీరు లాగే బండి మీద బరువు పెట్టె ముందుకు జరిగేకొద్దీ ట్రక్కు నడుం విరుగుతుంది. ఆ పోటుకి తక్కువ గేర్లూ, లావుపాటి షాఫ్టూ ఉన్నదే ఆగుతుంది. ఆలోచించుకోండి.

ఉంటాను,
ఆర్విల్ టీటర్

తా.క.: మీ ఆయన ఉత్తరం కూడా నిన్న అందింది. నాలుగు గేర్లదే చెయ్యమన్నాడు. ముందు ఇద్దరూ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

*

మే 22

టీటర్ గారికి,

మీరు ఉత్తరాలు చదువుతారా, వాటితో ఆయిలు తుడుచుకుంటారా? మా ఆయన చనిపోయాడని మొదటి ముక్కే రాశాను కదా! పోటీదారుడెవడో మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు. నమ్మకండి.

కోపంతో,
నాదీన్

తా.క.: ఆ దొంగ ఉత్తరంలో ఏముందో కాస్త రాయండి. ఊరికే, తెలుసుకుందామని.

*

జూన్ 1

అమ్మా,

కోప్పడకండి. “మా ఆయన చచ్చాడు, ఆయన ఆర్డరు తీసుకోవద్దు” అని నెలకి నలుగురు ఇల్లాళ్ళు నాకు రాస్తారు. ఒకావిడ అలా రాసిన ఉత్తరాన్ని ఆ చచ్చినాయనే తెచ్చి నా చేతికిచ్చాడు, టీ కూడా తాగి వెళ్ళాడు. మీదీ అలాంటి అలకే అనుకున్నాను.

మీ ఆయన రాసింది ఇదీ: “నాదీన్‌కి పదకొండొందలని చెప్పాను. నిజానికి పన్నెండొందల నలభై. తను వాళ్ళక్క ఇంటికి వెళ్ళినప్పుడు ముందున్న టర్బో తీసేసి పెద్దది పెట్టాను. చెబితే, ఆ డబ్బుతో వేయిస్తానన్న వంటింటి గచ్చు గొడవ ఎత్తుతుంది. షాఫ్టు లావుగా చెయ్యండి. యాక్సిలరేటర్ మీద దాని కాలు మహా బరువు.”

ఉంటాను,
ఆర్విల్

తా.క.: కాగితానికి కాలిన గేరాయిలు వాసన. గంటసేపు పొయ్యి పక్కన పెట్టినా చల్లగానే ఉంది. పోస్టువాళ్ళు ఎక్కడ దాచారో!

*

జూన్ 9

టీటర్ గారూ,

నిన్న కొట్టంలోకి వెళ్ళి ట్రక్కు బానెట్ ఎత్తాను. ముందున్న టర్బో పెద్దదే. ఆ సంగతి ఆయనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పేపర్లో పడిన చావుకబురు ముక్క దీంతో పెడుతున్నాను. ఫోటో చూడండి. అలక కాదు.

ఆయన ఎక్కణ్ణుంచి రాస్తున్నాడో నాకు తెలియదు. మళ్ళీ రాస్తే చెప్పండి: నాలుగు గేర్లకి ఒప్పుకున్నాను, పదకొండేళ్ళ తర్వాత. కానీ నడిపేది నేనే. పక్కన కూర్చుని “మెల్లిగా, మెల్లిగా” అనకూడదు.

నాదీన్

తా.క.: కాలు బరువన్న మాటకి జవాబు నేను అక్కడికొచ్చాక ఇస్తానని చెప్పండి.

*

జులై 20

అమ్మా,

పేపరు ముక్క చూసి మూడు రోజులు షాపు తెరవలేదు. నాలుగో రోజు భయం కంటే పని రుచి ఎక్కువై లోపలికి వెళ్ళాను. మీ గేర్‌బాక్సు లారీలో ఎక్కించాను. నాలుగు గేర్లు, ఒకే ఉక్కు ముద్దలోంచి చెక్కిన షాఫ్టు, రెట్టింపు క్లచ్ ప్లేట్లు. పన్నెండొందల నలభైలో ఒక్క గుర్రాన్నీ కొట్టెయ్యలేదు.

డెల్మర్ మళ్ళీ రాశాడు: “ఒప్పందం బాగుంది. రెండొందల ఎనభై ఏడు దగ్గర కాలు మాత్రం తియ్యొద్దనండి. నేనక్కడే ఉన్నాను.”

ఆర్విల్

తా.క.: ఈసారి స్టాంపు లేదు. కవరు నా బల్ల మీదే ఉంది. తాళం వేసింది నేనే.

*

ఆగస్టు 16

టీటర్ గారూ,

లాగేశాను! మూడొందలు దాటి ఇంకో ఆరడుగులు.

రెండొందల ఎనభై ఏడు దగ్గర చప్పుడంతా పోయింది. ఇంజనూ వినిపించలేదు, జనమూ వినిపించలేదు. క్యాబిన్‌లో నా ఊపిరి పొగలా కనిపించింది, ఆగస్టు ఎండలో! కాలు తియ్యాలనిపించింది. తియ్యలేకపోయాను. నా బూటు మీద ఇంకో బూటు బరువుగా ఆనుకుని ఉంది. పదమూడు అడుగులూ అలాగే. తర్వాత ఆ బూటు లేచిపోయింది.

నేను ఏడ్చాను. జనం గెలిచినందుకనుకున్నారు. రాత్రి ఏడాది తర్వాత కంటి నిండా నిద్రపోయాను. మీ చేతులు చల్లగా ఉండాలి.

కృతజ్ఞతలతో,
నాదీన్

తా.క.: కాలు బరువు నాదా, ఆయనదా? ఇప్పుడు తేలింది.

*

ఆగస్టు 27

నాదీనమ్మకి,

సంతోషం. చేతులు చల్లగా ఉండాలన్న దీవెన మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి.

డెల్మర్‌కి గేర్‌బాక్సు తెగ నచ్చిందట. అక్కడ అందరికీ చెప్పాడు. సోమవారం నుంచి నా బల్ల మీద పదిహేడు కవర్లు చేరాయి, అన్నీ చల్లగా. అక్కడా మైదానం ఉందట, ట్రక్కులున్నాయట, మూడు తరాల మొనగాళ్ళున్నారట. అందరూ ఒకటే రాశారు: “గేర్‌బాక్సు కట్టేవాడొక్కడే లేడు. మీరెప్పుడొస్తారు?”

చేతిలో ఉన్న ఆర్డర్లు పూర్తయ్యేదాకా కదలడం కుదరదని జవాబు రాసి బల్ల మీద పెట్టాను. పొద్దున చూస్తే అది లేదు. “సరే, ఆగుతాం. ఎన్నున్నాయి?” అని వాళ్ళ కాగితం ఉంది.

అమ్మా, రెండే ఉన్నాయి.

మీకు తెలిసిన ట్రక్కువాళ్ళందరికీ నా చిరునామా ఇవ్వండి. ఎన్ని గుర్రాలైనా చెప్పుకోమనండి, నమ్ముతాను. తొందర మాత్రం పెట్టొద్దనండి.

మీ ఆర్విల్ టీటర్

తా.క.: ఈ ఉత్తరం మధ్యలో లేచి వెళ్ళి, నిన్న బిగించిన బోల్టులన్నీ విప్పేసి వచ్చాను.