తిప్పి చెప్పని మాట

కండక్టరమ్మకు,

నేను క్షేమం. ఫోన్ చేస్తే ఎత్తవు, ఉత్తరం రాస్తే వెంటనే జవాబిస్తావు. ఇదేం కాపురమే!

ఈ పరాయిదేశపు వృద్ధాశ్రమంలో పని చేతులకు వచ్చేసింది, నోటికే రాలేదు. గడియారాలు బాగుచేసి బతికి, ఇప్పుడు మాట పడిపోయిన తాత ఒకాయన నా వంతు. మంచం మీద ఎడమవైపు తిప్పితే చాలు, నా మణికట్టు పట్టుకుని పళ్లు బిగిస్తున్నాడు. డ్యూటీ మారేటప్పుడు నర్సుకు చెబుదామని వాక్యమంతా మనసులో కుట్టుకుని వెళ్లాను. నోరు తెరిచేసరికి కుట్లన్నీ ఊడిపోయాయి. "హి ఈజ్ పెయినింగ్" అన్నాను. "పెయింటింగా?" అంది నర్సు. గదంతా నవ్వులు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

నీ మొగుడు

శ్రీవారికి,

బస్సులో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఆ కాకిగోల ఫోన్లో ఎందుకు? పాప బాగుంది.

మీరు వెళ్లింది పనికా, ఇంగ్లీషు పరీక్షకా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ తాత అడగలేకే మీ చెయ్యి పట్టుకున్నాడు. నా బస్సులో ఎన్ని భాషల వాళ్లు ఎక్కుతారు! "దిగాలి" అని చెప్పడానికి వ్యాకరణం అక్కర్లేదండీ. కళ్లతో చూసిందే చెప్పండి. నవ్వితే, నవ్వు అయ్యేదాకా ఆగి మళ్లీ చెప్పండి.

మీ ఆవిడ

మా గురువుగారికి,

చెప్పాను. నర్సు వెళ్లిపోతుంటే తలుపు దగ్గర నిలబడి, "ప్లీజ్ లిసన్. లెఫ్ట్ సైడ్. ఐ టర్న్, హి క్రైస్. కమ్ అండ్ సీ" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. డాక్టరొచ్చాడు. క్యాన్సరట, ఎముకల్లోకి పాకిందట. నయం కాదు. నొప్పి మాత్రం తగ్గించారు.

తాత కూతురొచ్చింది. అందరూ ఆమెతో మెత్తమెత్తగా, "ప్రశాంతంగా ఉన్నారు" అన్నారు. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లబోతూ, వరండాలో నన్ను ఆపి, "మా నాన్న పోతున్నాడా?" అని అడిగింది. అటు తిప్పి ఇటు తిప్పి చెప్పే ఇంగ్లీషు నాకెక్కడిది? "యెస్. సూన్. సిట్ విత్ హిమ్" అన్నాను. బ్యాగు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం తాత పోయాడు. ఆయన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

ఒళ్లు తుడిచి బట్టలు మార్చింది నేనే. ఆ ఖాళీ మంచం చూడలేకపోతున్నాను. నీ గొంతు వినాలని ఉంది. ఒక్కసారి ఫోన్ ఎత్తవూ?

నీ మొగుడు

ఏమండీ,

కూర్చుని చదవండి. నా గొంతులో ఉన్నది గడ్డ. మంచిది కాదు. డాక్టరు బొమ్మలు గీసి చాలాసేపు చెప్పాడు. "ప్రాణం దక్కుతుందా?" అన్నాను. "దక్కించుకోవచ్చు" అన్నాడు. "మరి మాట?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వచ్చే నెల ఆపరేషన్. అన్నయ్య దగ్గరుండి చూసుకుంటున్నాడు.

పరాయిచోట బెంగపడతారని దాచాను. కోప్పడండి, తర్వాత.

పాపకు చెప్పేశాను. బడి నుంచి రాగానే పక్కగదిలోకి వెళ్లి, "అమ్మా, నన్ను పిలువు" అంటోంది. పిలుస్తున్నాను. పరిగెత్తుకొస్తుంది. మళ్లీ వెళ్లి, "ఇంకోసారి" అంటుంది.

ఈ ఉత్తరం అందిన సాయంత్రం ఫోన్ చేయండి. ఎత్తుతాను. ధైర్యం మాత్రం చెప్పకండి. ఏదో ఒకటి అడుగుతూ ఉండండి చాలు, నేనే మాట్లాడతాను.

మీ ఆవిడ