నా కూతురికి నేను వదినని

బిష్కెక్, పిల్లల ఆస్పత్రి
9 అక్టోబరు 1998

మా అత్తమ్మ జూరా గారికి, తల వంచి సలాం చేస్తూ మీ గుల్సైరా రాసేది.

తుమార్ నిన్న రెండు చెంచాల మాంసం చారు తాగింది. మీరు పంపిన ఎండు పెరుగు ఉండ ఒకటి చప్పరించింది. జుట్టంతా పోయింది. వార్డులో అద్దం లేదు కాబట్టి తన గుండు దానికి కనిపించదు, మిగతా పిల్లల గుండ్లు చూసి పకపకా నవ్వుతోంది. ఇంతవరకే అయితే బస్సు డ్రైవరు సబీర్‌తో చెప్పి పంపేదాన్ని. నోటితో చెప్పలేనిది ఉంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ అబ్బాయికి చూపించకండి.

ఇక్కడ చేరిన రోజున నర్సు కాగితం పట్టుకొచ్చి, “తుమార్ తల్లి ఎవరమ్మా? సంతకం పెట్టాలి” అంది. నేను లేచేలోపే అది మంచం మీంచి, “మా అమ్మ ఊళ్ళో ఉంది. ఈమె మా వదిన” అని గట్టిగా చెప్పేసింది. మిమ్మల్ని అమ్మా అనే పిల్ల, మీ కొడుకు పెళ్ళాన్ని వదినా అనక ఏమంటుంది? నర్సు నన్ను ఎగాదిగా చూసి, “వదినలకి ఇక్కడేం పని? పోయి తల్లిని తీసుకురా” అంది. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. పక్క మంచం ఆవిడ మాత్రం, “మా పెద్దోడూ అంతే, మా అత్తే పెంచింది. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు” అని నా పరువు కాపాడింది. నలభై రోజుల పిల్లప్పుడు దాన్ని మీ ఒళ్ళో పెట్టాను. తొలి బిడ్డని పెద్దవాళ్ళకివ్వడం మన ఇళ్ళల్లో కొత్త కాదు, నన్నెవరూ బలవంతం చేయలేదు. తర్వాత పుట్టేవాళ్ళు నావాళ్ళన్నారు. నాలుగేళ్ళయింది, ఎవరూ పుట్టలేదు.

ఆ రోజే డాక్టరు గారు దాని ఎడమ డొక్క తడిమి, “ఇంత గడ్డ, స్నానం చేయించేటప్పుడు చేతికి తగల్లేదా? ఎన్నాళ్ళ నుంచి ఉంది?” అనడిగారు. తెలియదన్నాను. “తల్లివేనా నువ్వు?” అన్నారు. నా కూతురికి నేను ఒక్కసారి కూడా స్నానం చేయించలేదని ఆయనకెలా చెప్పను?

ఇక్కడ పిల్లతో ఒక్కరినే ఉండనిస్తారు. ఆరు వారాలుగా అది నా చేత్తోనే తింటోంది, నా చేతి మీదే తల పెట్టుకుని పడుకుంటోంది. అత్తమ్మా, నాకు సంతోషంగా ఉంది. బిడ్డ కాన్సర్ వార్డులో ఉంటే నాకు సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ ఉన్నమాట. మూడోసారి మందెక్కించే రోజు అది సూదికి భయపడి మంచం కింద దూరింది. నేను వంగి, “నన్ను అమ్మా అని పిలువు, అప్పుడు నొప్పి పుట్టదు” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కాదు, తెలుసు. అది కాసేపు ఆలోచించి “అమ్మా” అంది. నాలుగేళ్ళుగా ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట. నర్సు సూది గుచ్చింది. అది ఏడవలేదు. నా వైపు చూసి, “పిలిచాను కదా వదినా, మరి ఎందుకు నొప్పెట్టింది?” అనడిగింది. ఆ రోజు నుంచి దాని కళ్ళలోకి సూటిగా చూడలేకపోతున్నాను.

ఇంకొకటుంది. పోయినేడు గడ్డి కోతలయ్యాక నాకు మళ్ళీ కడుపు పండాలని మీరే నన్ను కొండ మీది పీరుగారి సమాధికి తీసుకెళ్ళారు. ఏడు రొట్టెలు వేయించి పంచారు, ఊట పక్కన పొదకి నా చేత పేలిక కట్టించారు. మీరు దువా చేస్తుంటే నేను కళ్ళు మూసుకుని అడిగింది పిల్లల్ని కాదు. “దేవుడా, ఎలాగైనా సరే, నా కూతుర్ని నా ఒళ్ళోకి చేర్చు” అన్నాను. ఎలాగైనా సరే అన్నాను అత్తమ్మా! ఎలా చేర్చాడో చూస్తున్నారుగా.

మీరు ఆ ఊట దగ్గరికెళ్ళి నా పేలిక విప్పేయండి. నా గౌను అంచు చింపి కట్టిన నీలం గుడ్డ. కోడలు తెలియక అడిగింది, వెనక్కి తీసుకుంటోందని చెప్పండి. బిడ్డ బతికితే చాలు, చచ్చేదాకా దానికి వదినగానే ఉంటాను.

మీకు ముఖం చూపించలేని
గుల్సైరా


ఊరి నుంచి
18 అక్టోబరు

కోడలా, నా తుమార్‌ని మోస్తున్న చేతులు చల్లగుండాలి.

నా రాత కోడి గీకినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో. నువ్వు చెప్పావని గుర్రమెక్కి పోయాను, నడుం విరిగింది. ఆ పొద నిండా పేలికలే. ఎండకీ మంచుకీ అన్నీ ఒకే రంగుకి దిగిపోయాయి. నీ నీలమేదో, ఏ తల్లి మొక్కేదో నాకేం తెలుసు? ఎవరిదో విప్పేసి వాళ్ళ ఉసురు పోసుకోలేక వదిలేశాను. అక్కడే కూలబడి దువాకి చేతులు చాపాను. చాపిన చేతులు దించేశాను. నేను చెప్పుకోవాల్సింది దేవుడికి కాదు, నీకు.

ఆ గడ్డ నా చేతికి తగిలింది. గొర్రెలు ఈనే రోజులు. దానికి స్నానం చేయిస్తుంటే ఎడమ డొక్కలో కోడిగుడ్డంత. తడిమి చూసి తువ్వాలు కప్పేశాను. మంత్రం వేసే సాలికా దగ్గరికి తీసుకెళ్తే దిష్టి అంది. నేను నమ్మలేదు, నమ్మినట్టు నటించాను. ఆస్పత్రంటే కాగితాలు, కాగితాల్లో తల్లివి నువ్వు. పిల్ల చెయ్యి దాటిపోతుందని వణికిపోయాను. ఐదు పూటలా నమాజు చేసి గడ్డ కరిగించమని ఏడ్చాను. జూరాకి ఎంత భక్తి పుట్టుకొచ్చిందో అని ఊరంతా మెచ్చుకున్నారు. భక్తా, పాడా! దేవుడి చాటున దాక్కున్నాను. ఐదు నెలలు. గుడ్డంతది పిడికిలంతయింది. ఉచ్చలో రక్తం పడి నీ మొగుడు మెదేర్ కళ్ళబడేదాకా నేను నోరు విప్పలేదు.

పిచ్చిదానా, ఒక్కసారి అడిగిన నీ మాట విన్నవాడు రోజుకి ఐదుసార్లు అడిగిన నా మాట వినడా? నీ పేలికకి అంత సత్తా లేదు. డాక్టరు నిన్ను అన్న మాట నాకు తగలాల్సింది. పోయి ఆయనకి చెప్పు, ముసలిది దాచిందని. నన్ను తిట్టు. నువ్వు తిట్టకపోతే తట్టుకోలేను. దాన్ని నిన్ను అమ్మా అననీ. నేనింక అడ్డు రాను.

ఏ ముఖంతో అత్తనని రాసుకోను,
జూరా


బిష్కెక్
24 అక్టోబరు

అత్తమ్మా, ఈసారి సలాం రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఉత్తరం చదివి నాలుగు రోజులైంది. దానికి జబ్బు నా మొక్కు వల్ల రాలేదని తెలిసి మొదట వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఎంత కోపమంటే మీరు పంపిన ఎండు పెరుగంతా పక్క మంచాలకి పంచేశాను. ఐదు నెలలు! డాక్టరు గారికి చెప్పాను. ఆయన రాసుకుని, “అప్పుడే తెచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదు” అన్నారు. తిట్టమన్నారుగా, ఇంతకంటే పెద్ద తిట్టు నాకు రాదు.

దాన్ని మళ్ళీ మీ కంట పడనివ్వకూడదనుకున్నాను. గడ్డ కాస్త తగ్గింది, మంగళవారం ఆపరేషన్. ఆ సంగతి నాకు తెలిసీ నాలుగు రోజులైంది, మీకు కబురు చేయలేదు. అది రోజూ “అమ్మ ఎప్పుడొస్తుంది?” అనడుగుతుంటే, మంచు పడి కనుమ దారి మూసేశారని చెప్పాను. ఈ పొద్దున అది అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకలేదు. అప్పుడు నాకు భయమేసింది. మీరు ఐదు నెలలు చేసిందే నేను నాలుగు రోజులు చేశాను. ఇద్దరమూ దాని మీద ప్రేమతోనే చేశామని మాత్రం నాతో అనకండి.

మత్తు ఎక్కేదాకా పిల్ల పక్కన ఒక్కరిని ఉండనిస్తారట. నర్సు చేత మీ పేరు రాయించాను. “ఈవిడ ఏమవుతుంది?” అంది. తల్లి అన్నాను. “మరి నువ్వు?” అంది. నేనూ తల్లినే అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సోమవారం బస్సుకి రండి. నేను మీతో మాట్లాడను, ముందే చెబుతున్నాను. దాని ముందు మాత్రం ఏడవకండి, చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి పాడుతూ ఉండండి. నేను తలుపు బయట ఉంటాను. క్షమించడం సంగతి అది కళ్ళు తెరిచాక చూద్దాం.

మీ కోడలు, తుమార్ తల్లి
గుల్సైరా