కొంగలకుంట ఎడ్లు, ఠాణాలో ఇద్దరు మనుషులు

హైదరాబాదు, షాలిబండ
జూలై 1954

జిల్లా పోలీసు పెద్ద అధికారి గారి సముఖమునకు, కీర్తిశేషులు వరదాచార్యుల గారి భార్య రంగనాయకి స్వహస్తముతో వ్రాసి, స్వయముగా తెచ్చి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొంగలకుంట గ్రామములో నా జోడెడ్లను పట్టపగలు అపహరించిన వారిని విడిచిపెట్టి, ఫిర్యాదు ఇప్పించిన వానిని, ఎడ్లను తెచ్చి అప్పగించిన వానిని ఠాణాలో నిర్బంధించుట గురించి.

నా భర్తగారు జీవించినంత కాలము షాలిబండ దగ్గరి గుడిలో అర్చకత్వము చేసినారు. ఆ సేవ కింద సంక్రమించిన కొద్దిపాటి మెట్ట భూమి కొంగలకుంటలో ఉన్నది. దానిని నర్సింహ అనే రైతు పాలుకు చేస్తున్నాడు. అతని తండ్రి కూడా అదే భూమి చేసినాడు. ఎడ్లు నావి. ఒకటి బొల్లెద్దు, ఒకటి మైలెద్దు. రెండూ మా ఇంటి ఆవుకు పుట్టినవే. కాడి కట్టే వయసు వచ్చేవరకు మా పెరట్లోనే పెరిగినవి. వాటికి గంజి పోసింది నేను, దున్నడం నేర్పింది నర్సింహ. ఇది మనవి చేయడానికి కారణము, ఆ ఎడ్లు నావి కావనీ, నాకు వయసు మీరి చూపు తప్పినదనీ తమ కింది అధికారి గారు సెలవిచ్చి ఉన్నారు.

ఇక నా ఫిర్యాదులు.

1. మృగశిర కార్తెలో మొదటి వాన పడినది. నర్సింహ సగం చేను దున్ని, మధ్యాహ్నం కాడి విప్పి, గట్టు మీది వేపచెట్టుకు ఎడ్లను కట్టి, తినడానికి ఇంటికి వెళ్ళినాడు. తిరిగి వచ్చేసరికి నాగలి ఉన్నది, ఎడ్లు లేవు. పలుపులు కత్తితో కోసి ఉన్నవి. ఊరంతా అడిగినాడు. అందరూ చూసినవాళ్ళే, ఒక్కరూ నోరు విప్పలేదు. మరునాడు పొద్దున్నే అతడు నడిచి పట్నం వచ్చి నా వాకిట్లో నిలబడినాడు. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్ళిస్తే తాగలేదు.

"అమ్మా, ఎడ్లు పొయినయి."

"పోవుడేంది నర్సింహా? ఎక్కడికి పోతయి?"

"ఎవ్వలో తోల్కపొయిన్రు. నాకు రాత రాదు. మీరొక కాయితం రాసియ్యిన్రి, ఠాణాల ఇద్దాం."

అయ్యా, ఈ మాట తమరు దయచేసి గుర్తుంచుకోవలెను. ఫిర్యాదు వ్రాయమన్నది నర్సింహ. నేను వ్రాసినదాన్ని మాత్రమే.

2. ఇద్దరము కలిసి ఠాణాకు వెళ్ళినాము. ఠాణా అధికారి అమీన్ గారు కాగితము చదివినారు. "ఆఖరికి ఎడ్ల తోని ఎవరున్నరు?" అని అడిగినారు.

"నేనే ఉన్న సాబ్," అన్నాడు నర్సింహ.

"అట్లనా? అయితే కూర్చో."

మర్యాదకు కూర్చోమన్నారని నేను సంతోషించినాను. కొంతసేపటికి జవాను వచ్చి నర్సింహ రుమాలు, మొలతాడు తీయించి లోపలికి తీసుకుపోతుంటే అప్పుడు నాకు అర్థమయినది.

"ఫికర్ చేయకండమ్మా, దొంగ దొరికిండు," అన్నారు అమీన్ గారు.

"దొంగయితే నడిచి నా ఇంటికి వచ్చి ఫిర్యాదు రాయమంటాడా?"

"గదే తెలివి. మీరు దేవుని సేవలో ఉన్నోళ్ళు, మీకు తెల్వదు. వీండ్లు మస్తు హుషారు."

పటేలును ఏమైనా అడిగినారా అన్నాను. ఊరిలో పోలీసు పటేలు ఉన్నాడు గదా, పట్టపగలు జోడెడ్లు ఊరు దాటితే ఆయనకు తెలియకుండా ఉంటుందా అన్నాను. అమీన్ గారికి అప్పటికే వేరే పని గుర్తుకు వచ్చినది.

3. నర్సింహ భార్య నాగమణమ్మ పాలు తాగే పిల్లను చంకనేసుకుని నా ఇంటికి వచ్చినది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుమ్మంలో నిలబడి నన్ను నిలదీసినది.

"అమ్మా, మీ కాయితంల మా ఆయన పేరు ఎట్ల రాసిన్రు?"

దాచుకున్న నకలు తీసి చదివి వినిపించినాను. 'నా రైతు నర్సింహ చూచి చెప్పగా' అని ఒక్కచోట ఉన్నది. అంతే.

"గంతేనా? గంత దానికే పట్టుకున్నరా?" అన్నది. దీనికి జవాబు తమరే సెలవీయవలెను.

ఆమె అన్నం మూట కట్టుకుని ఠాణాకు వెళ్ళితే చాలాసేపు గోడ పక్కన నిలబెట్టినారు. లోపల ఎవరో అరుస్తున్నారట. నీ భర్తేనా అని నేను అడిగినాను. "తెల్వదమ్మా. కొడుతుంటే ఎవ్వని గొంతయినా ఒక్కతీర్గనే ఉంటది," అన్నది. తరువాత లోపలికి పోనిచ్చినారు. నర్సింహ కుడిచేతి వేళ్ళు వాచి ముద్ద కలపలేకపోతే, ఊచల సందునుండి ఆమే కలిపి తినిపించినది. నాగలి మేడి పట్టే చేయి అది. ఏ చట్టము ప్రకారము ఆ వేళ్ళు వాచినవో విచారించవలెనని కోరుచున్నాను.

4. గుడి ప్రసాదానికి బెల్లం కొనడానికి ఉస్మాన్‌గంజ్ వెళ్ళినాను. అక్కడ గోనెసంచులు దించుతున్న ఒక బండికి నా బొల్లెద్దు కట్టి ఉన్నది. పక్కన మైలెద్దు. దూడగా ఉన్నప్పుడు కుక్క పీకిన ఎడమచెవి అట్లనే ఉన్నది. నేను పోయి మెడ మీద చేయి వేసినాను. బజారు మధ్యలో, ఈ వయసులో, హమాలీలందరూ చూస్తుండగా ఏడ్చినాను.

బండివాడు కిందికి దూకినాడు. "ఏందమ్మా, ఎద్దును పట్టుకుంటివి? పొడుస్తది!"

"ఇది నా ఎద్దు. నన్నెందుకు పొడుస్తది?"

ఆ మనిషి పేరు సీమోను. కొరడా ఝళిపించి బండి తోలుకుపోయి ఉంటే నేను ఏమి చేయగలిగేదాన్ని? కానీ పోలేదు. నా మాట పూర్తిగా విన్నాడు. విని ముఖము మాడ్చుకున్నాడు.

"అమ్మా, నేను దొంగసొమ్ము కొనలే. కొంగలకుంట బందెలదొడ్డిల వేలం పాడి కొన్న."

బందెలదొడ్డి అనగా, పరుల చేలలో పడి మేసిన పశువులను కట్టిపెట్టే సర్కారు దొడ్డి అని తమకు తెలియనిది కాదు. నా ఎడ్లను చెట్టు దగ్గర పలుపులు కోసి తోలుకుపోయి, చేను మేసినవని పేరుపెట్టి అందులో కట్టినారు. వేలానికి ముందు ఊరిలో డప్పు వేయించవలెను గదా అని అడిగితే, డప్పు లేదు ఏమీ లేదన్నాడు సీమోను.

"పటేలు బామ్మర్ది పాట పాడించిండు. జల్ది కానియ్యున్రి, జల్ది కానియ్యున్రి అన్నడు. అమీన్ సాబ్ పక్కకే కుర్చీల కూసున్నడు. సర్కారే అమ్ముతుంటే నాకేం అనుమానం ఉంటదమ్మా?"

అయ్యా, తమరు చదువుకున్నవారు. మృగశిరలో దున్నకాలు ఇంకా పూర్తికానప్పుడు, ఊరిలో ఏ చేనిలో ఏ పైరు ఉన్నదని నా ఎడ్లు మేసినవి? మట్టి మేసినవా? అబద్ధము వ్రాసేవారు కార్తె అయినా చూసుకుని వ్రాయవద్దా?

5. నర్సింహ లోపల ఉన్నాడని తెలిసి సీమోను తనంతట తానే అన్నాడు, "నేనొచ్చి చెప్త. పాండి." దారిలో అతని ఇంటి ముందు బండి ఆపినాడు. అతని భార్య లీలమ్మ బయటికి వచ్చి విషయము విని అడ్డము నిలిచినది.

"నీకెందుకు గీ లొల్లి? ఎడ్లు ఆమెకిచ్చి ఇంట్ల ఉండు. ఠాణాకు పోకు."

"మనిషి లోపలున్నడే. నేనొక్క మాట చెప్తే బయటికొస్తడు. చెప్పకుంటే ఇయ్యాల అన్నం ఎట్ల తినాలె?"

ఆమె మాట వినకుండా నా వెంట వచ్చినాడు. ఇప్పుడు ఆమె ముఖము చూడలేకపోతున్నాను.

ఠాణా ముందు బండి ఆగగానే అమీన్ గారు ఎడ్లను చూసినారు, సీమోనును చూసినారు.

"దొంగసొమ్ము నువ్వు కొన్నవా?"

"మీరే గద సాబ్ కుర్చీల కూసున్నది!"

"ఏం కూస్తున్నవ్‌రా? కూర్చో."

ఈసారి ఆ మాటకు అర్థము నాకు తెలుసు. నేను అరిచినాను. నా భర్తగారు పోయిన తరువాత పరాయి మగవాని ముందు గొంతెత్తినది అదే మొదలు. ఎడ్లు దొరికినవి గదా, వాకిట్లోనే ఉన్నవి గదా, నర్సింహను వదలండి అన్నాను.

"ఎడ్లు దొరికితే ఏందమ్మా?" అన్నారు అమీన్ గారు. "దొంగను ఇడిస్తే కేసు ఎవరి మీద నడపాలె?"

అమ్మినవాని మీద నడపండి అన్నాను. ఎడ్లను మళ్ళీ అదే బందెలదొడ్డికి తోలించినారు. ఆ రోజు నుండి నర్సింహ దొంగ, సీమోను దొంగసొమ్ము కొన్నవాడు, నేను చూపు తప్పిన ముసలిదాన్ని. పటేలు బావమరిది మాత్రము పెద్దమనిషి.

6. ఇంతకుముందే నేను తమ కచేరీకి టపాలో ఒక అర్జీ పంపి ఉన్నాను. దాని మీద తమ కచేరీ ముద్ర వేసి, 'తగు చర్య నిమిత్తము' అని వ్రాసి, ఎవరి మీద ఫిర్యాదు చేసినానో ఆ అమీన్ గారికే పంపినారు. తరువాత నేను ఠాణాకు వెళ్ళినప్పుడు ఆయన దానిని బల్ల మీదినుండి తీసి నాకు చూపించి, నాలుగు మడతలు పెట్టి, నా ముందే విసనకర్రవలె విసురుకున్నారు. ఉక్కగానే ఉన్నది, నిజమే. పెద్ద దొర గారి దగ్గరికి నేనే పోయి చేతికి ఇస్తానని అక్కడే చెప్పి వచ్చినాను. అందుచేత ఇది టపాలో వేయలేదు.

వానలు పడుతున్నవి. సగం దున్నిన నా చేనిలో గడ్డి మొలిచినది. ఊరిలో అందరి విత్తనాలు మొలకెత్తినవి. దున్నే మనిషి లోపల, దున్నే ఎడ్లు లోపల. దొడ్డిలో ఎడ్లకు మేత వేసేవారు లేరు. గడ్డిమోపు నేనే తీసుకుపోతే, కేసులో ఉన్న పశువులకు పరాయివారు మేత వేయరాదని పటేలు బావమరిది గేటు దగ్గర ఆపినాడు. మైలెద్దు డొక్కలు బయటపడినవి. అది నన్ను చూసి లేవడానికి ప్రయత్నించి లేవలేకపోయినది.

కావున నేను కోరునది ఏమనగా: నర్సింహను, సీమోనును వెంటనే విడుదల చేయించవలెను. ఎడ్లను నాకు అప్పగించవలెను. పటేలును, అతని బావమరిదిని, కుర్చీలో కూర్చున్నవారిని కూడా విచారించవలెను. ఆ విచారణ ఆ కుర్చీలో కూర్చున్నవారి చేత చేయించరాదు. దొంగలు ఎడ్లను కొట్టుకుపోతే రైతు ఠాణాకు పోతాడు. ఠాణాయే కొట్టుకుపోతే ఎక్కడికి పోవలెనో కూడా తమరు సెలవీయవలెను.

చిత్తగించవలెను అని వ్రాయుట మర్యాద. చిత్తగించి తీరవలెను అని నేను వ్రాయుచున్నాను.

తమ విధేయురాలు అని వ్రాయబోయి కలము ఆగినది. అందుచేత,

ఇట్లు,
రంగనాయకి

తా.క. ఈ అర్జీ మడిచి గడప దాటబోతుండగా ఠాణా జవాను మా ఇంటికి వచ్చినాడు. "ఆ కాయితం ఇయ్యకుంటే ఇద్దర్ని పొద్దుగూకేలోపల ఇడుస్తమని అమీన్ సాబ్ చెప్పమన్నడు," అన్నాడు. నాగమణమ్మ, లీలమ్మ ఇద్దరూ నాతో రావడానికి వచ్చి అక్కడే ఉన్నారు. నా కోపము ఎంత పెద్దదయినా దెబ్బలు తినేది వాళ్ళ మనుషులు. అందుకని, మీరు చించమంటే ఇప్పుడే చించుతాను అని ఇద్దరితో చెప్పినాను. ప్రమాణముగా చించేదాన్ని.

లీలమ్మ ఏడ్చినది. "ఇడుస్తమంటున్నరు గదమ్మా. ఇంటికి రానీ," అన్నది.

నాగమణమ్మ పిల్లను ఈ చంక నుండి ఆ చంకకు మార్చుకున్నది. "ఇయ్యాల ఇడుస్తరు. రేపు ఇంకెవ్వని ఎడ్లో పోతయి. పోయినసారి దొంగ వీడేనని మళ్ళ మా ఆయన్నే పట్కపోతరు. అక్కా, నీ మొగుణ్ణి గట్లనే. ఇయ్యిన్రమ్మా కాయితం. ఇచ్చే రమ్మని మా ఆయన కూడా ఊచల కాడ చెప్పిండు," అన్నది.

లీలమ్మ కొంగుతో ముఖము తుడుచుకుని, ఆ కొంగునే నడుముకు బిగించి, మా ఇద్దరికన్నా ముందు గడప దిగినది. జవాను మా వెంట చార్మినార్ దాకా వచ్చి, అక్కడినుండి పరుగెత్తుకుంటూ వెనక్కు పోయినాడు.

ఇప్పుడు మేము ముగ్గురము, పసిపిల్లతో సహా, తమ కచేరీ మెట్ల మీద ఉన్నాము. సద్దిమూట తెచ్చుకున్నాము. ఇది తమ చేతికి ఇచ్చేవరకు కదలము. తమరు ఇంటికి పోవలెనన్నా మమ్మల్ని దాటియే పోవలెను. ఈ కచేరీకి వేరే వాకిలి లేదు. నేను చుట్టూ తిరిగి చూసినాను.