నీ గుమ్మం ముందు ఆగిపోయే బండి

కరాకోల్,
ఆగస్టు నెల.

అమ్మకు నీ కూతురు అసిల్కన్ సలాం చేసి రాస్తున్నది. నీ ఒళ్లు, గొర్రెలు, గుర్రాలు, ఆ ముసలి కుక్క, అన్నీ క్షేమంగా ఉన్నాయని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. ఇక్కడ అందరం అంటే నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం.

నీ ఉత్తరం కుబాత్ అన్న తెచ్చి ఇచ్చాడు. దాంతోపాటు నువ్వు పెరుగు ఎండబెట్టి ఉండలు చేసి పంపిన కురుత్ మూట కూడా. దారిలో సగం తానే తినేశానని ఒప్పుకున్నాడు. "మీ అమ్మ చేతి ఉప్పు అలాంటిది చెల్లెమ్మా, నా తప్పేం లేదు" అన్నాడు. మిగిలిన సగం బల్ల మీద పోసుకుని, ఒక్కో ఉండ బుగ్గన పెట్టుకుంటూ నీ ఉత్తరం చదివాను. ఈసారి చాలా అడిగావు. వరసగా జవాబు రాస్తాను. కుబాత్ అన్న బండి ప్రతిసారీ నీ గుడారం దగ్గరే ఎందుకు చెడిపోతుందని అడిగావే, దానికి మాత్రం చివర్లో రాస్తాను.

సరిగ్గా తింటున్నావా అన్నావు. తింటున్నాను. మధ్యాహ్నం ఫోను చెవికి ఆనించుకుని నిలబడి తింటాను. సాయంత్రం కూర్చుని తింటాను. లగ్‌మన్ నూడుల్స్ ఒక్కరికి వండడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు. నువ్వు నేర్పిన కొలతలన్నీ ఇంటినిండా మనుషులకు. అందుకని ఒకసారి వండిందే మళ్లీ మళ్లీ వేడి చేసుకుంటాను.

తరువాత అసలు ప్రశ్న. "నీకు గుర్రం లేదు, బండి లేదు, గుడారం లేదు. మరి జనం నీకు దేనికి డబ్బిస్తున్నారే?" అని అడిగావు. ఇది నువ్వొక్కదానివే కాదు, బజారులో ఉన్ని చెప్పులమ్మే సైరా అత్త కూడా అడుగుతుంది. పోయిన ఆదివారం నలుగురిలో నిలబెట్టి మరీ అడిగింది.

"దారి చెప్పి డబ్బు పుచ్చుకునేదాన్ని మన వంశంలో నిన్నొక్కదాన్నే చూస్తున్నా. మీ తాత బతికుంటే గుర్రం దిగి మరీ తిట్టేవాడు."

"దారి చెప్పడానికి కాదత్తా, ఏ దారిలో పోకూడదో చెప్పడానికి."

"అదింకా అన్యాయం. పోనిదానికి కూడా డబ్బా?"

పక్కన మిరపకాయలమ్మే ఆవిడ నవ్వాపుకోలేక త్రాసు కింద పెట్టేసింది. అత్తకు చెప్పి లాభం లేదు. నీకు చెబుతాను. నాన్న మందను పైకి తోలే ముందు ఏం చేసేవాడో గుర్తు చేసుకో. ఎక్కడ నీళ్లు తాగించాలి, ఎక్కడ ఆగాలి, కనుమలో మంచు పడితే ఏ పక్కకు తిప్పాలి, ఏ గొర్రె కుంటుతుంది, ఏ గుర్రం వంతెన చూస్తే బెదురుతుంది, అన్నీ చలికాలంలోనే పొయ్యి దగ్గర కూర్చుని తేల్చుకునేవాడు. దారిలో ఇక ఆయనకు కంగారు ఉండేది కాదు. చూసినవాళ్లు, వీడు అదృష్టవంతుడురా అనుకునేవాళ్లు. నేను చేసేది ఆ పనే, గొర్రెలకు బదులు మన కొండలు చూడ్డానికి వచ్చే మనుషులకు.

మొదటి ఏడాది ఈ పని ఉచితంగానే చేశాను. హోటళ్ల వాళ్లు దయతలచి ఇచ్చే కమిషనే నా కూలి అనుకున్నాను. జనం నా చేత వారాల తరబడి ప్లాను రాయించుకుని, దాన్ని పట్టుకెళ్లి ఇంకొకడి దగ్గర బేరమాడేవాళ్లు. వంటంతా నాది, వడ్డన ఇంకొకడిది. అప్పటికి గానీ కళ్లు తెరుచుకోలేదు. ఇప్పుడు ముందు మాట్లాడతాను, ఆ తరువాత నా సలహాకు రుసుము తీసుకుంటాను, అది ముట్టాకే కలం పట్టుకుంటాను. నాలుగు రోజుల్లో నాలుగు దేశాలు చూసేయాలనుకునేవాళ్లకు, డ్రైవరు కూలి దగ్గర గీసి గీసి బేరమాడేవాళ్లకు, దయచేసి ఇంకెక్కడికైనా వెళ్లండి అని చెబుతాను. గుమ్మంలోకొచ్చిన గిరాకీని తన్నేస్తున్నావని అత్త నెత్తి కొట్టుకుంది. కానీ తన్నేయడం నేర్చుకున్నాకే మంచి గిరాకీ మొదలైంది. డ్రైవర్లకు, గుర్రాలవాళ్లకు బయలుదేరే ముందే ఇచ్చేస్తాను కాబట్టి నా మనుషులను ఎవరూ నడిదారిలో వదిలేయరు. తిరిగొచ్చాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏది బాగుంది, ఏది బాగోలేదు అని అడుగుతాను. వాళ్లే తమవాళ్లను పంపుతారు. వ్యాపారం నిలదొక్కుకుందమ్మా. రాబోయే చలికాలానికి బొగ్గు ఇప్పుడే కొని పెట్టాను.

మరి సంతోషంగా ఉన్నావా అని నువ్వు అడగలేదు. అడగనిదానికి కూడా రాస్తాను. ఎవరికి వేరుశెనగ పడదో, ఎవరికి ఎత్తంటే భయమో, ఏ మొగుడూపెళ్లాలు పెళ్లిరోజున కొండమీద ఉండాలనుకుంటున్నారో అన్నీ నాకు తెలుసు. నా సంగతి వాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. నా పుట్టినరోజున పొద్దుటి నుంచి ఫోను మోగుతూనే ఉంది. ప్రతివాళ్లూ రేపు బండి ఎన్నింటికి వస్తుందనే అడిగారు. ప్రయాణం చక్కగా సాగితే జనం నన్ను మరిచిపోతారు, ఎక్కడైనా చెడితేనే నేను గుర్తుకొస్తాను. పని స్వభావమే అంత. కానీ ఫోను కట్టేశాక ఈ రెండు గదుల్లో చాలా ఒంటరిగా ఉంటుందమ్మా. టీ కెటిల్‌తో మాట్లాడుతున్నాను. అది కాగేటప్పుడు ఊ కొడుతుంది, అంతవరకు నయం.

నువ్వు పైకెక్కే నెలలే నాకూ గిరాకీ నెలలు. అందుకే రాలేకపోతున్నానని అందరికీ చెబుతాను. అది సగం నిజం. నాన్న లేని గుడారంలోకి వంగి అడుగు పెట్టడం నాకు భయం. శరత్కాలంలో నువ్వు దిగాక ఊళ్లో కలుస్తూనే ఉన్నాం, కానీ అక్కడ నువ్వు కిటికీ దగ్గర కూర్చున్న ముసలమ్మవు. కొండమీది అమ్మను చూసి ఎన్నాళ్లయిందో.

ఇక బండి సంగతి. "నా గుడారం కనపడగానే ఆ బండికి ఏమొస్తుందే? పొగలు కక్కుతుంది, చక్రం జారుతుంది, ఏదో ఒకటి. కొత్తది కొనుక్కోమను, లేకపోతే బాగుచేయడమైనా నేర్చుకోమను" అని రాశావు. ఆ మాట వెనక నువ్వు నవ్వుతున్నావో లేదో తెలుసుకోవాలని ఎన్నిసార్లు చదివానో. కాగితం మీద నీ మొహం కనపడదు కదా.

అమ్మా, ఆ బండికి ఏ రోగమూ లేదు.

మొదటిసారి నిజంగానే చెడిపోయింది. నాన్న పోయిన మరుసటి వేసవి అది. అంతకుముందు నీ ఉత్తరాల్లో రెండే మాటలుండేవి, నేను బాగున్నాను, గొర్రెలు బాగున్నాయి. ఆ రోజు అందులో వెళ్తున్న నా దంపతులు, నా ప్రయాణికులే, నీ దగ్గర పడుకున్నారు. కుబాత్ అన్న తెచ్చిన ఉత్తరం అటూ ఇటూ నిండా రాసి ఉంది. "దేవుడు నా గుమ్మానికి చుట్టాలను పంపాడు. నన్ను మరిచిపోలేదు. పిండి కలిపి బోర్సోకులు వేయించాను. మీ నాన్న కూర్చునే చోట కూర్చోబెట్టాను" అని రాశావు. ఆ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు కుబాత్ అన్నను పిలిచి, మళ్లీ చెడగొట్టమన్నాను.

"చెడిపోయే బండని పేరొస్తే మీ వదిన నన్ను బతకనిస్తుందా చెల్లెమ్మా?"

"వదినకు నేను చెబుతాను."

"మరి మీ అమ్మకెవరు చెబుతారు?"

ఆ మాట విననట్టు పెట్రోలు డబ్బులు ఆయన చేతిలో పెట్టాను.

అప్పటి నుంచి దారి తప్పి నీ దగ్గరికొచ్చినవాళ్లెవరూ దారి తప్పలేదు. అందరూ నేను పంపినవాళ్లే. ప్లానులో ప్రతిదీ రాస్తాను, ఆ ఒక్క రాత్రి తప్ప. ఆవిడకు డబ్బు చూపించొద్దు, టీ పొట్లం ఒకటి పట్టుకెళ్లండి అని ముందే చెప్పి, బజారులో నేనే కొనిచ్చేదాన్ని. ఏ దేశం నుంచి వచ్చినా అందరూ ఒకే రకం టీ తెస్తున్నారేమిటని నువ్వు ఆశ్చర్యపోతే, కుబాత్ అన్న బండి కిందికి దూరి నవ్వుకున్నాడట. వాళ్లు తిరిగొచ్చాక నేను అడిగే ప్రశ్నల్లో చివరిది నా కోసం. ఆ పెద్దావిడ కుంటుతోందా, పిడకలు పేర్చి ఉన్నాయా, నవ్విందా అని.

పోయిన వారం బిష్కెక్ నుంచి రహత్ అనే ఆవిడ వచ్చింది. పెద్ద కంపెనీ మేనేజరు. తమ ప్రయాణికులందరినీ ఏడాది పొడుగునా నాకే అప్పగిస్తానంది. చలికాలం ఖాళీ అన్నమాటే ఉండదు. ఒక్క షరతు పెట్టింది.

"మీ దగ్గరికొచ్చినవాళ్లంతా ఆ ముసలమ్మ గుడారం గురించే చెప్పుకుంటున్నారండీ. దాన్ని ప్లానులో రాయండి, ధర పెట్టండి, మలుపులో బోర్డు పెడదాం. ఆవిడకూ వాటా ఇద్దాం. ఇంతకీ ఆవిడకు తెలుసా?"

"తెలియదు."

"అయితే జీతం లేకుండా ఆవిడ చేత పని చేయించుకుంటున్నారన్నమాట" అంది. నవ్వుతూనే అంది.

ఒకరి చేత ఉచితంగా పని చేయించుకోవడం మర్యాద కాదని పదిమందికీ చెప్పేదాన్ని నేనే. ఆ మాట తిరిగొచ్చి నాకే తగిలింది. అయినా రహత్‌కు కుదరదని చెప్పేశాను. ధర పెడితే నువ్వు గుమ్మంలోకి ఎదురొచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లడం కూడా ఆ ధరలోకే వస్తుంది. అది నేను చూడలేను. కానీ నీకు చెప్పకుండా ఇంకా దాచడమూ నావల్ల కాదు. చెప్పాలంటే నీ ఉత్తరంలో చివరి మాట అడ్డొస్తోంది. "చుట్టాలు రాకపోతే మీ నాన్న పోయిన మరుసటి ఏడాదే గుడారం విప్పేసేదాన్ని. ఎవరి కోసం పొయ్యి వెలిగించాలి?" అన్నావు. నిజం తెలిస్తే నువ్వు గుడారం విప్పేస్తావేమో. తెలియకపోతే నీ దేవుడి పేరు చెప్పి నేను వ్యాపారం చేస్తున్నట్టు. ఎటు కదిలినా ముల్లే.

ఎటూ తేలక కూర్చుని హలీనాకు ఫోన్ చేశాను. పోలండ్ ఆవిడ, నర్సుగా చేసి మానేసింది, రష్యన్ వచ్చు కాబట్టి నీతో బోలెడు కబుర్లాడిందే, ఆవిడ. నా ప్రశ్న నోట్లో ఉండగానే, "మీ అమ్మ మోకాలు ఫరవాలేదు" అంది.

"మా అమ్మని నేను చెప్పలేదే?"

"ఆవిడ ఫోటో చూపించింది. గుర్రం పక్కన నువ్వు, మొహం చూసి పోల్చుకున్నాను. 'ఇది నా కూతురు, కరాకోల్‌లో ఉంటుంది, నువ్వూ అటు నుంచే వచ్చావు కదా, ఎక్కడైనా కనిపించిందా, చిక్కిపోయిందా' అని అడిగింది. వచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తుందట. మాట తెలియనివాళ్లకు సైగలు చేసి అడుగుతుందట. ఆవిడేమో నీ గురించి నన్నడిగింది. నువ్వేమో ఆవిడ గురించి నన్నడుగుతున్నావు. నేను నర్సునమ్మా, పోస్టుమాన్ని కాదు. ఒకసారి వెళ్లి చూసుకో."

నీకు చుట్టాలు కావాలనుకున్నాను. ఊరూ పేరూ తెలియనివాళ్లను ఏరి ఏరి నీ గుమ్మానికి పంపాను. నువ్వు వాళ్ల మొహాల్లో నన్ను వెతుక్కుంటున్నావని నాకు తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నానేమో కూడా.

యజమాని లేకపోయినా నడిచేదే మంచి వ్యాపారమని నేను అందరికీ చెబుతుంటాను. నిజమో కాదో ఈ వారం తేలుతుంది. కుబాత్ అన్న పెద్ద కూతురు మీరిమ్‌ను నా కుర్చీలో కూర్చోబెట్టాను. మంచు పడితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ రాసిచ్చాను. "అత్తా, నువ్వు వెళ్లు, లేకపోతే నేనే తోసేస్తా" అంది.

ఈ ఉత్తరం కుబాత్ అన్న నీ చేతికిచ్చాడు కదా, ఒకసారి ఆ బండి వైపు చూడు. పొగ లేదు, చక్రం జారలేదు, సరాసరి నీ గుమ్మం దాకా వచ్చింది. నేను కింద చెక్క వంతెన దగ్గర దిగిపోయి ఉంటాను. ఇదంతా నోటితో చెప్పే ధైర్యం లేక రాశాను. చుట్టం వస్తే నువ్వు టీ నీళ్లు కాచే సమోవర్ బయట పెట్టి రాజేస్తావు. ఆ పొగ వంతెన దగ్గరికి కనపడుతుంది. అటే చూస్తూ ఉంటాను.

పొగ లేవకపోతే కోపం వచ్చిందని తెలుసుకుంటాను. అయినా పైకి వస్తాను. పిలవకుండా వచ్చినవాళ్లను కూడా గుమ్మంలోంచి తిప్పి పంపకూడదని నువ్వే నేర్పావు. నాన్న చోట నన్ను కూర్చోబెట్టొద్దు, తలుపు దగ్గర చాలు. వాళ్లందరినీ నేను పంపానమ్మా. నన్ను మాత్రం ఎవరూ పంపలేదు.

ఇట్లు,
దారి తెలిసే వస్తున్న నీ కూతురు,
అసిల్కన్